రెండో రక్తం శాంపిల్ ఎందుకు? కుక్కల్లో ఫ్లూ యాంటీబాడీల పరీక్ష

(కుక్కలు పెంచుకునేవారు, పశువైద్య విద్యార్థులు కలిసి పాల్గొన్న సభలో ఒక పశువైద్య మైక్రోబయాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక రిపోర్టు గురించి మాట్లాడుకుందాం. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల కుక్క అనుకోండి. వయసు నాలుగేళ్లు. దగ్గు మొదలై రెండు రోజులైంది. డాక్టరుగారు రక్తం తీసి ల్యాబ్‌కి పంపారు. రిపోర్టులో ఒకే ఒక్క వరుస ఉంది: హెచ్3ఎన్8 ఇన్‌ఫ్లుయెంజా, హెచ్ఐ టైటర్ 1:80. హెచ్3ఎన్8 అంటే కుక్కల్లో ఫ్లూ తెచ్చే ఒక వైరస్ రకం, హెచ్ఐ అనేది పరీక్ష పేరు, టైటర్ అంటే యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే అంకె. కాగితం చేతికి రాగానే యజమాని అడిగేది ఒకటే. "మా వాడికి ఫ్లూ వచ్చినట్టా, రానట్టా?"

ఈ ఒక్క కాగితం చూసి ఎంత పెద్ద డాక్టరైనా జవాబు చెప్పలేరు. ల్యాబ్‌లో కొలిచింది వైరస్‌ని కాదు, వైరస్ మీదకి కుక్క ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలని. అవి ఈ వారం తయారయ్యాయా, పోయిన ఏడాదివా, టీకా వల్ల వచ్చాయా, చిన్న కూన అయితే తల్లి పాలతో అందాయా, ఇవేవీ 1:80 అనే అంకెలో కనబడవు. గోరింటాకు పండిన చేయి చూస్తే పెట్టుకున్నారని తెలుస్తుంది గానీ ఏ రోజు పెట్టుకున్నారో తెలియదు కదా, ఇదీ అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు రోజులకు దగ్గు మొదలవుతుంది. యాంటీబాడీలు పరీక్షకు అందే స్థాయికి రావాలంటే వారం రోజులన్నా పడుతుంది. అలాంటప్పుడు దగ్గు మొదలైన రెండో రోజుకే 1:80 ఉందంటే, అవి ఈ దగ్గు వల్ల వచ్చినవి కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఎప్పుడో టీకా వేయించి ఉండవచ్చు, ఎప్పుడో ఒకసారి సోకి తగ్గిపోయి ఉండవచ్చు. పాజిటివ్ అన్న మాట చూసి టెన్షన్ పడిన యజమానికి మనం చెప్పాల్సింది ఇదీ.

మరి దారేమిటి? రెండు శాంపిళ్లు. మొదటిది జబ్బు మొదలైన తొలి వారంలో, ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. రెండోది ఆ తరవాత రెండు నుంచి మూడు వారాలకు. మొదటిదాన్ని ఫ్రీజర్‌లో ఉంచి, రెండోది వచ్చాక రెండింటినీ ఒకే రోజు, ఒకే ప్లేటు మీద, ఒకరి చేత్తోనే చేయించాలి. మొదటిదానికంటే రెండోది నాలుగు రెట్లో అంతకంటే ఎక్కువో పెరిగితే ఆ మధ్యలో కుక్కకి ఫ్లూ సోకిందని ధైర్యంగా రాయవచ్చు. మొదటిసారి ఏమీ లేకుండా రెండోసారి 1:80 వచ్చినా అదే అర్థం. రెండుసార్లూ 1:80 ఉంటే ఈ దగ్గుకి కారణం వేరే చోట వెతుక్కోవాలి.

వినడానికి తేలిగ్గానే ఉంది. కానీ రెండో శాంపిల్ రాదు. ఏ ల్యాబ్‌లో అడిగినా ఈ మాటే చెబుతారు. రెండు వారాలయ్యేసరికి కుక్కకి జబ్బు తగ్గిపోయి తోక ఊపుకుంటూ తిరుగుతూ ఉంటుంది. బాగున్న కుక్కకి మళ్లీ సూది ఎందుకండీ అంటారు యజమాని. వాళ్లని తప్పు పట్టలేం. నేను కూడా వాళ్లకి ఉన్నదున్నట్టే చెబుతాను: ఆ రెండో శాంపిల్ వల్ల మీ కుక్కకి ఒరిగేదేమీ లేదు. ఆ రిపోర్టు వచ్చేసరికి దానికి చేయాల్సిన వైద్యం అయిపోయి ఉంటుంది. అది మీ కుక్క ఉండి వచ్చిన బోర్డింగ్‌లోని మిగతా కుక్కల కోసం, మీ వీధిలో దానితో కలిసి తిరిగిన వాటి కోసం. ఇలా విప్పి చెబితే చాలామంది తీసుకొస్తారు. చెప్పకుండా "పదిహేను రోజులాగి రండి" అంటే ఎవరూ రారు.

అప్పుడే జబ్బు పడిన కుక్కకి ముక్కులోంచి స్వాబ్ తీసి పీసీఆర్, అంటే వైరస్‌నే నేరుగా వెతికే పరీక్ష, చేయడం మేలు కదా అని విద్యార్థులు అడగొచ్చు. నిజమే, మొదటి మూడు నాలుగు రోజుల్లో అయితే పీసీఆర్‌దే పైచేయి. ఇబ్బంది ఎక్కడంటే, కుక్క నుంచి వైరస్ ఎక్కువగా బయటికి వచ్చేది లక్షణాలు కనబడే ముందూ, కనబడిన తొలి రోజుల్లోనూ. మన వాళ్లు తేనె పట్టించి, పసుపు పాలు పట్టించి, తగ్గకపోతే వారానికి తీసుకొస్తారు. అప్పటికి హెచ్3ఎన్8 లాంటి వైరస్ చాలా వరకు వెళ్లిపోయి ఉంటుంది. స్వాబ్ నెగెటివ్ వస్తుంది. ఫ్లూ కాదని రాసేస్తారు. వైరస్ వెళ్లిపోయినా రక్తంలో దాని గుర్తు ఉంటుంది. దాన్ని చదవాలంటే రెండు శాంపిళ్లు కావాలి.

ఇప్పుడు ఈ పరీక్ష ఎలా చేస్తారో కొంచెం దగ్గరగా చూద్దాం. పూర్తి పేరు హీమాగ్లుటినేషన్ ఇన్‌హిబిషన్, మనం హెచ్ఐ అంటాం. 1941లో జార్జ్ హర్స్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక విషయం గమనించారు. ఫ్లూ వైరస్‌ని కోడి ఎర్ర రక్తకణాల్లో కలిపితే ఆ కణాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఫ్లూ యాంటీబాడీలు ఉన్న సీరం ముందే కలిపితే అంటుకోవు. ఎనభై ఏళ్లు దాటినా ప్రపంచమంతా ఇప్పటికీ ఆ సూత్రం మీదే ఈ పరీక్ష చేస్తున్నారు.

కుక్క ముందుకాలి నరంలోంచి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి మామూలు క్లాట్ ట్యూబులో వేస్తాం. రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ఉన్న ట్యూబులో వేయకండి, మనకి కావాల్సింది సీరం. రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన లేత పసుపు రంగులో తేటగా సీరం తేలుతుంది. దాన్ని అలాగే పరీక్షకి పెట్టకూడదు. కుక్క సీరంలో యాంటీబాడీలతో సంబంధం లేని కొన్ని పదార్థాలు ఉంటాయి. ఎర్ర కణాల మీద ఉన్నట్టే వాటి మీదా సియాలిక్ ఆమ్లం అనే ఒక రకం చక్కెర ఉంటుంది, దాన్ని చూసి వైరస్ వెళ్లి వాటినే పట్టుకుంటుంది. అప్పుడు యాంటీబాడీలు లేకపోయినా ఉన్నట్టే కనబడుతుంది. వాటిని తీసేయడానికి వాడే మందు ఆర్‌డీఈ. ఇది కలరా సూక్ష్మజీవి నుంచి వచ్చే ఎంజైమ్. దీన్ని సీరంలో కలిపి ఒక రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పొద్దున్నే 56 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేస్తారు. ఈ పని ఎగ్గొట్టిన ల్యాబ్ ఇచ్చిన పాజిటివ్‌లని నేను నమ్మను. కుక్కల ఫ్లూ సర్వే ఏది చదివినా నేను ముందు వెతికేది సీరంకి ఈ శుద్ధి చేశారా లేదా అని.

తరవాత 96 గుంటలు ఉండే ప్లాస్టిక్ ప్లేటు తీసుకుంటారు. మొదటి గుంటలో సీరం పదో వంతు, రెండో గుంటలో ఇరవయ్యో వంతు, మూడో దాంట్లో నలభయ్యో వంతు. అలా ఒక్కో గుంటకి సగం సగం పలచన చేసుకుంటూ పోతారు. ప్రతి గుంటలో కొలిచిన వైరస్ వేసి కాసేపు ఆగుతారు. ఆపైన టర్కీ కోడి ఎర్ర కణాలు అర శాతం బలంలో వేస్తారు. అరగంట కదపకూడదు.

అరగంట తరవాత చూస్తే, వైరస్‌ని అడ్డుకునేన్ని యాంటీబాడీలు ఉన్న గుంటల్లో కణాలన్నీ కిందకి దిగి నడిమధ్య చిన్న ఎర్ర గుండీలా కూర్చుంటాయి. యాంటీబాడీలు చాలని గుంటల్లో వైరస్ ఆ ఎర్ర కణాలని కట్టిపడేస్తుంది కాబట్టి అడుగంతా పలచగా పరుచుకుని ఉంటుంది. అనుమానంగా ఉంటే ప్లేటుని ఏటవాలుగా పట్టుకోవాలి. స్వేచ్ఛగా ఉన్న కణాలైతే గుండీలోంచి సన్నని ధారగా కిందకి జారతాయి. ఆ ధార కనబడిన ఆఖరి గుంట ఏదో అదే టైటర్. అది 1:80 గుంట అయితే టైటర్ 80.

నాలుగు రెట్ల నియమం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఒక గుంట తేడా అంటే రెండు రెట్లు. ఒకే సీరాన్ని ఒకరే రెండుసార్లు చేసినా ఒక గుంట అటూ ఇటూ అవుతుంది. కణాలు ఒక చుక్క ఎక్కువైనా మారుతుంది. పైపెట్ పట్టిన చేయి అలసిపోయినా మారుతుంది. రెండు గుంటల తేడా, అంటే నాలుగు రెట్లు, అలా ఊరికే రాదు. అందుకే 40 నుంచి 80కి పెరిగిందని ఎవరైనా రిపోర్టు ఇస్తే దాని మీద ఏ నిర్ణయానికీ రావొద్దు. 20 నుంచి 160కి పెరిగితే సందేహం అక్కర్లేదు. రెండు శాంపిళ్లూ ఒకే ప్లేటు మీద చేయమని అడిగేది కూడా ఇందుకే. ఈ రోజు వాడిన టర్కీ రక్తం, మూడు వారాల కిందట వాడిన టర్కీ రక్తం ఒకటి కాదు.

హెచ్ఐతో పాటు న్యూట్రలైజేషన్ పరీక్ష కూడా చేస్తారు. బతికున్న కణాలని వైరస్ చంపకుండా సీరం ఎంతవరకు ఆపుతుందో అందులో చూస్తారు. దానికి వాడే కణాల పేరు ఎండీసీకే. 1958లో మాడిన్, డార్బీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ఆడ కాకర్ స్పానియల్ కుక్క మూత్రపిండం నుంచి వాటిని తయారుచేశారు. మనుషుల ఫ్లూ వైరస్‌లని కూడా ప్రపంచమంతా ఆ కుక్క కణాల్లో పెంచుతూ వచ్చారు. కుక్క కణంలో ఇంత బాగా పెరిగే వైరస్ కుక్కల్లో జబ్బుగా తిష్ఠ వేస్తుందన్న ఆలోచన మాత్రం 2004 దాకా ఎవరికీ గట్టిగా రాలేదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉండే విషయం ఇది.

2004లో ఏమైందో చెబుతాను. నా దృష్టిలో యాంటీబాడీ పరీక్ష ఎందుకో అర్థం కావడానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు.

ఆ ఏడాది జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక రేసు ట్రాక్‌లో 22 గ్రేహౌండ్ కుక్కలు జబ్బు పడ్డాయి. పద్నాలుగు కుక్కలకి జ్వరం, దగ్గు వచ్చి కోలుకున్నాయి. ఎనిమిది చనిపోయాయి. వాటి ఊపిరితిత్తుల్లో రక్తస్రావం జరిగింది. రేసు కుక్కల్లో దగ్గు రావడం కొత్త కాదు. ఇరుకు గదుల్లో ఉంచుతారు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తిప్పుతారు. ఎప్పుడు దగ్గినా కెన్నెల్ కాఫ్, అంటే గుంపుగా ఉంచిన కుక్కల్లో వచ్చే మామూలు దగ్గు, అనేవారు. దానికి కారణమయ్యే బోర్డెటెల్లా, పారాఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్ లాంటి సూక్ష్మజీవుల జాబితా ఒకటి ఉంటుంది. దాంట్లో ఏదో ఒకటి అనుకుని యాంటీబయాటిక్ ఇచ్చేవారు.

ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సిండా క్రాఫోర్డ్ అనే పశువైద్యురాలు ఇంతటితో వదిలిపెట్టలేదు. చనిపోయిన ఒక కుక్క ఊపిరితిత్తుల నుంచి కోర్నెల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ డుబోవి బృందం ఒక వైరస్‌ని పెంచగలిగింది. అది ఇన్‌ఫ్లుయెంజా ఏ, హెచ్3ఎన్8. 1963లో మయామీలో గుర్రాల్లో బయటపడి అప్పటి నుంచి గుర్రాల్లో తిరుగుతున్న వైరస్ రకమే. గుర్రానికి ఉన్నట్టే కుక్క శ్వాసనాళంలోనూ ఆ వైరస్ పట్టుకోవడానికి వీలైన గ్రాహకాలు ఉన్నాయి.

కానీ ఒక్క కుక్క ఊపిరితిత్తిలో వైరస్ దొరికితే అది గుంపంతటికీ వచ్చిందని ఎలా అంటాం? ఇక్కడే రక్తం సాక్ష్యం చెప్పింది. కోలుకున్న కుక్కల నుంచి, వాటితో పాటు ఉండి దగ్గని కుక్కల నుంచి కూడా జంట శాంపిళ్లు ఉన్నాయి. జబ్బు పడిన వాటిలో ఎక్కువ వాటికి హెచ్3ఎన్8 యాంటీబాడీలు నాలుగు రెట్లో అంతకన్నా ఎక్కువో పెరిగాయి. దగ్గని వాటిలోనూ కొన్నింటికి పెరిగాయి. అంటే వైరస్ ట్రాక్ అంతా తిరిగింది, కొన్ని కుక్కలు బయటికి ఏమీ చూపించకుండానే దాన్ని మోశాయి. రెండో శాంపిల్ తీయకపోయి ఉంటే ఆ ఒక్క ఊపిరితిత్తి ఒక వింత కేసుగా మిగిలిపోయేది.

అంతటితో ఆగకుండా వాళ్లు పాత ఫ్రీజర్లు తెరిచారు. వేరే పనుల కోసం ఎప్పుడో తీసి దాచిన గ్రేహౌండ్ సీరం శాంపిళ్లు ఉన్నాయి. 1996 నుంచి 1998 మధ్య తీసిన వాటిలో హెచ్3ఎన్8 యాంటీబాడీలు లేవు. 2000 నుంచి 2003 మధ్య తీసిన కొన్నింటిలో ఉన్నాయి. అంటే ఎవరూ పేరు పెట్టకముందే, కెన్నెల్ కాఫ్ అని చీటీ రాసిన రోజుల్లోనే, ఈ వైరస్ ట్రాకుల్లో ఉంది. ఆ కుక్కల దగ్గు ఎప్పుడో ఆగిపోయింది, వైరస్ ఏనాడో పోయింది, ఆ కుక్కల్లో చాలా వరకు చనిపోయి కూడా ఉంటాయి. సీరం మాత్రం ఫ్రీజర్‌లో ఉంది. ఈ పరిశోధన 2005లో సైన్స్ పత్రికలో వచ్చింది. పరీక్షలు మొదలయ్యాక ట్రాకుల నుంచి షెల్టర్లకి, అక్కడి నుంచి ఇళ్లలో పెంచుకునే కుక్కలకి పాకినట్టు తేలింది. 2009లో అమెరికాలో తొలి టీకా వచ్చింది.

టీకా వచ్చాక పరీక్షకి కొత్త చిక్కు కూడా వచ్చింది. టీకాలో ఉండేది చంపిన వైరస్. టీకా వేసిన కుక్కకి వచ్చే యాంటీబాడీలకీ, జబ్బు వచ్చి తగ్గిన కుక్క యాంటీబాడీలకీ హెచ్ఐ తేడా చెప్పలేదు. అందుకే శాంపిల్‌తో పాటు పంపే ఫారంలో టీకా తేదీ రాయకపోతే ఆ రిపోర్టు చదవడం చాలా కష్టం.

2015లో షికాగోలో ఇంకో పాఠం. మార్చి, ఏప్రిల్ నెలల్లో వెయ్యికి పైగా కుక్కలు దగ్గుతో ఆసుపత్రులకి వచ్చాయి. అందరూ ముందు అనుకున్నది పాత హెచ్3ఎన్8 అని. విడదీసి చూస్తే అది హెచ్3ఎన్2, ఆసియా నుంచి వచ్చింది. పక్షుల నుంచి కుక్కల్లోకి దిగిన ఆ వైరస్ 2007లోనే దక్షిణ కొరియాలో బయటపడింది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, హెచ్ఐ ప్లేటులో ఏ వైరస్ వేస్తే ఆ వైరస్‌కి సంబంధించిన జవాబే వస్తుంది. హెచ్3ఎన్8 ఒక్కటే వేసి కూర్చుంటే హెచ్3ఎన్2 సోకిన కుక్క నెగెటివ్‌గా వెళ్లిపోవచ్చు. అందుకని సర్వేలకి ముందు ఎలైజా అనే ఇంకో యాంటీబాడీ పరీక్ష చేయడం మంచి పద్ధతి. వైరస్ లోపల ఉండే న్యూక్లియోప్రొటీన్ అన్ని ఇన్‌ఫ్లుయెంజా ఏ వైరస్‌లలోనూ ఒకే తీరుగా ఉంటుంది. దాని మీద యాంటీబాడీలు ఉన్నాయా అని ఎలైజా చెబుతుంది. ఉంటే, ఏ రకమో తేల్చుకోవడానికి హెచ్ఐకి వెళ్లాలి. హెచ్3ఎన్2 సోకిన కుక్క మూడు వారాలకు పైగా కూడా వైరస్‌ని వదులుతుంది, అందుకే ఆ కుక్కల్ని వేరుగా ఉంచే గడువు కూడా ఎక్కువ.

ఇక మన దగ్గరికి వద్దాం.

కుక్కల నుంచి కుక్కలకి పాకే ఆ రెండు వైరస్‌లు మన ఊళ్లలో ఉన్నాయని చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నాకు బెంగగా ఉన్నది హెచ్5ఎన్1, బర్డ్ ఫ్లూ. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్ల ఫారాల్లో వచ్చింది. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారించాక చుట్టూ ఒక కిలోమీటరు మేర కోళ్లని తీసేసి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. అంతకు కొన్ని వారాల ముందే నాగపూర్‌లో మూడు పులులు, ఒక చిరుత ఇదే వైరస్‌తో చనిపోయాయి. పల్నాడు జిల్లాలో ఒక పసిపాపని కూడా పోగొట్టుకున్నాం.

ఆ ఫారాల దగ్గర కుక్కలు ఉండవా? గోదావరి జిల్లాల్లో కోళ్ల షెడ్లు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కాపలా కుక్క ఒకటి గొలుసుకి ఉంటుంది, చుట్టుపక్కల వీధి కుక్కలు నాలుగైదు తిరుగుతుంటాయి. చచ్చిన కోళ్లని సరిగ్గా పాతిపెట్టకపోతే కాలవ గట్టు మీద వాటిని మొదట లాగేది అవే.

థాయిలాండ్‌లో 2004లో సరిగ్గా అలాగే జరిగింది. సుఫాన్ బురి రాష్ట్రంలో బర్డ్ ఫ్లూ సోకిన బాతుని తిన్న కుక్క ఒకటి హెచ్5ఎన్1తో చనిపోయింది. ఆ తరవాత అక్కడి ప్రభుత్వ సంస్థ 629 ఊర కుక్కల రక్తం పరీక్షిస్తే 160 కుక్కల్లో హెచ్5ఎన్1 యాంటీబాడీలు కనబడ్డాయి. నాలుగింట ఒకటి. వాటిలో ఏదీ ఏ ఆసుపత్రి రిజిస్టర్‌లోకీ ఎక్కినట్టు లేదు. 2023 ఏప్రిల్‌లో ఇటలీలో బ్రెషా ప్రాంతంలో ఒక పెరటి కోళ్లకి ఈ జబ్బు వస్తే అక్కడున్న ఐదు కుక్కలకి, ఒక పిల్లికి పరీక్ష చేశారు. అన్నింటికీ యాంటీబాడీలు ఉన్నాయి, ఒక్కదానికీ తుమ్ము కూడా లేదు. అదే నెలలో కెనడాలోని ఓషవాలో అడవి గూస్‌ని (పెద్ద బాతుని) కొరికిన పెంపుడు కుక్క చనిపోయింది. ఒకే వైరస్, ఒకచోట కుక్క ప్రాణం తీస్తుంది, ఇంకోచోట దగ్గు కూడా రానివ్వదు. లక్షణాలని నమ్ముకుని కూర్చుంటే రెండో రకం మనకి ఎప్పటికీ తెలియదు.

మనకి ఇందులో ఒక అనుకూలత కూడా ఉంది. మన దగ్గర కుక్కలకి ఫ్లూ టీకా మామూలుగా వేయరు. అమెరికాలో పాజిటివ్ వస్తే టీకానా, జబ్బా అని తల పట్టుకోవాలి. మన వీధి కుక్కలో ఫ్లూ యాంటీబాడీలు కనబడితే అది ఎక్కడో వైరస్‌ని కలిసిందనే అర్థం. ఇంత శుభ్రమైన సమాచారం దొరికే అవకాశం ఉన్నప్పుడు దాన్ని వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది. కోళ్లని తీసేసే బృందం ఆ ఊరికి వెళ్లినప్పుడే ఫారం కుక్కల రక్తం తీయాలి, మూడు వారాలకి మళ్లీ వెళ్లి తీయాలి. ఫారం కుక్క ఎక్కడికీ పోదు, గొలుసుకే ఉంటుంది. రెండో శాంపిల్ తప్పకుండా దొరికే కుక్క ఏదన్నా ఉందంటే అదే.

తీసేవాళ్లకి జాగ్రత్త చెప్పాలి. మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఆ కుక్కల దగ్గరికి వెళ్లకండి. పరీక్షకి చంపిన వైరస్‌తో హెచ్ఐ చేసుకోవచ్చు. బతికున్న హెచ్5ఎన్1తో న్యూట్రలైజేషన్ మాత్రం భోపాల్ లాంటి అత్యంత భద్రత ఉన్న ప్రయోగశాలల్లోనే చేయాలి, మన కాలేజీ ల్యాబుల్లో చేయకూడదు.

ఏవైనా ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక పెద్దాయన): మేడమ్, ఇంట్లో మనవలు ఉన్నారు. కుక్క దగ్గితే పిల్లలకి అంటుతుందా?

మీ మనవల గురించి ఆలోచించడం సహజమే సార్. నేను చెప్పిన కుక్కల వైరస్‌లు, హెచ్3ఎన్8 గానీ హెచ్3ఎన్2 గానీ, మనిషికి సోకిన కేసు ఇప్పటిదాకా నమోదు కాలేదు. తిరగబడి జరిగింది మాత్రం ఉంది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మనుషుల నుంచి కుక్కలకి సోకింది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఫ్లూ ఉంటే కుక్కని కూడా మంచం మీదకి రానివ్వకండి. బర్డ్ ఫ్లూ విషయంలో పిల్లలకైనా కుక్కకైనా ఒకటే మాట: పచ్చి కోడి మాంసం, పేగులు పెట్టకండి. బాగా ఉడికించి పెట్టండి.

ప్రశ్న (ఒక విద్యార్థిని): మేడమ్, వీధి కుక్కల్ని రెండుసార్లు పట్టుకోవడం కుదరదు కదా. మరి వాటికి ఈ పరీక్ష దండగేనా?

మంచి ప్రశ్న అమ్మా. ఇక్కడ నువ్వు అడుగుతున్న ప్రశ్నే వేరు. "ఈ కుక్కకి ఇప్పుడు ఫ్లూ ఉందా" అన్నదానికి రెండు శాంపిళ్లు తప్పవు. "ఈ ఊరి కుక్కల్లోకి ఈ వైరస్ ఎప్పుడైనా వచ్చిందా" అన్నదానికి ఒక్కో కుక్క నుంచి ఒక్కటి చాలు. థాయిలాండ్‌లో చేసింది అదే. మన మున్సిపాలిటీల్లో ఏబీసీ కేంద్రాలు ఉన్నాయి కదా, వీధి కుక్కల్ని పట్టుకొచ్చి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి తీసుకెళ్లి అదే వీధిలో వదిలేస్తారు. ఆపరేషన్ కోసం కుక్క ఎలాగూ మత్తులో ఉంటుంది. అప్పుడు రెండు మిల్లీలీటర్ల రక్తం తీస్తే దానికి నొప్పి ఉండదు, డాక్టరుకి కరుస్తుందన్న భయం ఉండదు, విడిగా పట్టే ఖర్చు ఉండదు. వదిలేశాక ఆ కుక్క ఏ వీధిదో కూడా రిజిస్టర్‌లో ఉంటుంది.

మీలో ఎవరైనా ఇంటర్న్‌షిప్‌లో ఏబీసీ కేంద్రానికి వెళితే, అక్కడి డాక్టరుగారి అనుమతి తీసుకుని ఇది మొదలుపెట్టండి. ట్యూబు మీద చెరిగిపోని మార్కర్‌తో తేదీ, వీధి పేరు, ఆడో మగో, పళ్లు చూసి అంచనా వేసిన వయసు రాయండి. దగ్గర్లో కోళ్ల ఫారం గానీ, చికెన్ షాపుల వ్యర్థాలు పారేసే చోటు గానీ ఉంటే అదీ రాయండి. సీరం విడదీశాక ఒకే వయల్‌లో పోయకండి, రెండింట్లో పోసి మైనస్ 20లో పెట్టండి. ఒకటి ఇప్పుడు పరీక్షకి తీసినా, రెండోది గడ్డ కరగకుండా ఉంటుంది. ఐదేళ్ల తరవాత ఎవరో కొత్త వైరస్ పేరు చెప్పినప్పుడు దాన్ని తీసి చూసుకోవచ్చు.